తన పాటలను తానే మళ్లీ పాడిన గాయకుడు: గోర్డన్ లైట్‌ఫుట్

తానే పాట రాసి, తానే వరుస కట్టి, గిటార్ మీటుతూ తానే పాడే కళాకారుల వర్గమొకటి ఉత్తర అమెరికా జనప్రియ సంగీతంలో 1960వ దశకం నుంచి ప్రత్యేకమైన గుర్తింపు పొందింది. తెలుగువారు ఎరిగిన వాగ్గేయకారుల వలెనే వీరు కూడా మాటకూ, పాటకూ తామే కర్తలు; అయితే వారి రచనలకు దైవభక్తి కాక వ్యక్తి జీవితం, ప్రయాణాలు, పనిపాటలు, విఫలమైన ప్రేమలు ఆధారమయ్యాయి. బాబ్ డిలన్, జోనీ మిచెల్, లియొనార్డ్ కోహెన్, పాల్ సైమన్‌ల పేర్లు ఈ వర్గంలో అందరికంటె ముందుగా వినిపిస్తాయి. కెనడాకు చెందిన గోర్డన్ లైట్‌ఫుట్ వారి సమకాలికుడే, రచనా శక్తిలో వారికి తీసిపోనివాడే అయినప్పటికీ, స్వదేశం వెలుపల ఆయన పేరు ఆ వరుసలో ఆలస్యంగా వస్తుంది, తరచుగా రానే రాదు. 1975లో వెలువడిన ‘గోర్డ్స్ గోల్డ్’ అనే పాటల సంపుటం ఆధారంగా ఆయన ప్రతిభను పరిశీలించి, ఆ ప్రతిభకు రావలసినంత మన్నన ఎందుకు రాలేదో విచారించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

జనాదరణ పొందిన పాటలను ఏరి ఒకచోట కూర్చి, రికార్డు కంపెనీలు విడుదల చేసే సంపుటాలను ‘గ్రేటెస్ట్ హిట్స్’ అని వ్యవహరిస్తారు. విమర్శకులకు ఇటువంటి సంపుటాలపై సాధారణంగా గౌరవం తక్కువ. ఒక ఆల్బమ్‌లోని పాటలకు వాటి క్రమంలో ఒక అర్థం ఉంటుందనీ, వాటిని ఊడబెరికి వేరొకచోట నాటితే ఆ అర్థం చెడుతుందనీ, పైగా ఈ పని కళాకారుని అభిరుచిని బట్టి కాక అమ్మకాల లెక్కను బట్టి జరుగుతుందనీ వారి అభ్యంతరం. ఈ అభ్యంతరంలో నిజముంది. అయితే ‘గోర్డ్స్ గోల్డ్’ ఆ కోవకు చెందినది కాదు. అది ముప్పై ఏడేళ్ల వయసున్న ఒక రచయిత తన ఇరవైల నాటి పాటలను ముందు పెట్టుకొని, వాటిని తిరిగి పాడి, ఒకదాని పక్కన మరొకదాన్ని నిలిపి, తన గతంపై తానే తీర్పు చెప్పుకొన్న సంపుటం. లైట్‌ఫుట్ గొప్పతనాన్ని గ్రహించడానికి ఇంతకంటె తగిన ద్వారం మరొకటి లేదు.

లైట్‌ఫుట్ 1938 నవంబరు 17న ఆంటారియో రాష్ట్రంలోని ఒరిలియా అనే చిన్న పట్టణంలో జన్మించాడు. బాల్యంలో అక్కడి చర్చి గాయక బృందంలో పాడుతూ గొంతును అదుపులో పెట్టుకోవడం నేర్చాడు. 1958లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లి వెస్ట్‌లేక్ సంగీత కళాశాలలో స్వరలిపినీ, అనేక వాద్యాలను మేళవించి సంగీతం కూర్చే పద్ధతినీ అభ్యసించాడు. జానపద బాణీలో పాడే ఆనాటి గాయకులలో చాలామంది చెవితో విని నేర్చినవారు కాగా, ఈయన మాత్రం తన పాటలకు స్వరం తానే కాగితంపై రాసుకోగలిగిన శిక్షితుడు. టొరంటోకు తిరిగి వచ్చాక కొంతకాలం టెలివిజన్ కార్యక్రమంలో బృందగాయకుడిగా, నర్తకుడిగా పని చేసి, ఆపై యార్క్‌విల్ పేటలోని కాఫీ హౌస్‌లలో, అంటే యువకులు చేరి కవిత్వం, పాట వినే చిన్న ఫలహారశాలల్లో, పేరు తెచ్చుకున్నాడు. ఆయన తొలి ఆల్బమ్ ‘లైట్‌ఫుట్!’ 1966లో వెలువడింది.

ఆ తొలి ఆల్బమ్ రాకముందే ఆయన పాటలు ఇతరుల గొంతుల్లో లోకానికి తెలిసిపోవడం ఆయన జీవితంలోని ఒక విచిత్ర పరిణామం. ఒకరు రచించిన పాటను మరొకరు తమ పద్ధతిలో పాడి రికార్డు చేయడాన్ని ‘కవర్’ అంటారు. 1965లోనే ఇయన్, సిల్వియా దంపతులూ, పీటర్, పాల్ అండ్ మేరీ త్రయమూ ఆయన పాటలను రికార్డు చేశారు. అదే సంవత్సరం మార్టీ రాబిన్స్ పాడిన ‘రిబ్బన్ ఆఫ్ డార్క్‌నెస్’ అమెరికా కంట్రీ సంగీత జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. జర్మన్ గాయని నీకో ‘ఐయామ్ నాట్ సేయిన్’ పాటతోనే గాయనిగా తన తొలి రికార్డును విడుదల చేసింది. తరువాతి కాలంలో బాబ్ డిలన్, ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్ వంటి వారు సైతం లైట్‌ఫుట్ పాటలను పాడారు. ఒక రచయితకు ఇంతకంటె గౌరవం ఏముంటుందని అనిపించవచ్చు. కాని ఈ గౌరవమే ఆయనను కనబడకుండా చేసింది. పాటను ప్రేమించిన శ్రోత దాన్ని ఎల్విస్ పాటగానో, పీటర్, పాల్ అండ్ మేరీ పాటగానో గుర్తుంచుకున్నాడు. ఆ పాటలన్నీ ఒకే మనస్సు నుంచి పుట్టినవన్న సంగతి, వాటిని ఒకే గొంతులో, ఒకే సంపుటంలో, వరుసగా విన్నప్పుడు గాని తెలియదు.

‘గోర్డ్స్ గోల్డ్’ నిర్మాణాన్ని ఇక్కడ కొంత వివరించాలి. 1960వ దశకంలో లైట్‌ఫుట్ యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే కంపెనీకి పాడాడు. 1970 నుంచి ఆయన ఆల్బమ్‌లను వార్నర్ సంస్థకు చెందిన రిప్రైజ్ కంపెనీ విడుదల చేసింది. పాత రికార్డింగులు పాత కంపెనీ అధీనంలోనే ఉండిపోయాయి, ఆ కంపెనీ వాటితో తన సొంత సంపుటాలను వెలువరిస్తూ వచ్చింది కూడా. కాబట్టి రెండు దశాబ్దాల పాటలూ ఒకేచోట ఉండాలంటే మొదటి దశకపు పాటలను తిరిగి రికార్డు చేయడం ఒక వ్యాపార అవసరం. అయితే అంతకంటె బలమైన కారణం మరొకటి ఉంది: ఆ తొలి రికార్డింగులలోని తన గానం లైట్‌ఫుట్‌కు నచ్చేది కాదు, ఈ మాట ఆయన దాచుకోలేదు. ఆ విధంగా రెండు ఎల్.పి. రికార్డుల ఈ సంపుటంలో మొదటి రికార్డు మొత్తం కొత్తగా పాడిన పాత పాటలతోనూ, రెండవ రికార్డు 1970, ఆ తరువాతి ఆల్బమ్‌ల నుంచి ఎంచిన పాటలతోనూ రూపుదిద్దుకున్నాయి.

పదేళ్ల వ్యవధిలో ఆయన గొంతు మారింది. 1966 నాటి గొంతు తేలికగా, చురుకుగా, కొంత తొందరగా పరుగెత్తుతుంది. 1975 నాటిది బారిటోన్, అంటే మంద్ర, మధ్య స్థాయిలలో నిండుగా పలికే పురుష కంఠం. అది ప్రతి పదాన్నీ చివరి అక్షరం వరకు పలికి విడిచిపెడుతుంది. భావోద్రేకం ఎక్కువైన చోట గొంతు పెంచడం అనేకమంది గాయకుల అలవాటు కాగా, లైట్‌ఫుట్ అటువంటి చోటనే స్వరాన్ని తగ్గించి, మాటను మరింత స్పష్టంగా ఉచ్చరిస్తాడు. ఈ నిగ్రహమే ఆయన శైలికి మూలధాతువు. దానికి తోడు పన్నెండు తీగల గిటార్‌ను, లేదా ఆరు తీగల గిటార్‌ను, వేళ్లతో ఒక్కొక్క తీగగా మీటుతూ నడిపే వాద్యపద్ధతి ఉంది. తీగలన్నింటినీ ఒకేసారి గీసి మోగించే పద్ధతిలో వినబడని సన్నని అల్లిక ఇందులో వినబడుతుంది. పాట నడుస్తున్నంతసేపు ఆ అల్లిక ఆగదు, గొంతును మించదు.

మొదటి రికార్డులో విమర్శకుల దృష్టి అంతగా పడని విశేషమొకటి ఉంది. అందులో రెండు చోట్ల లైట్‌ఫుట్ రెండేసి పాటలను ఒకదానిలో ఒకటి కలిపి ‘మెడ్లీ’గా, అంటే విరామం లేని జంటగా, పాడాడు. మొదటి జంట ‘ఐయామ్ నాట్ సేయిన్’, ‘రిబ్బన్ ఆఫ్ డార్క్‌నెస్’. ముందరి పాటలో ఒక యువకుడు ప్రేయసితో తాను ఎప్పటికీ ఆమెకే కట్టుబడి ఉంటానని మాట ఇవ్వలేనని నిర్మొగమాటంగా చెబుతాడు. వెంటనే వచ్చే రెండవ పాటలో ఆమె వెళ్లిపోయిన తరువాత అతనిపై కమ్ముకున్న చీకటి వర్ణితమవుతుంది. రెండవ జంట ‘ఫర్ లవిన్ మి’, ‘డిడ్ షి మెన్షన్ మై నేమ్’. మొదటిదానిలో స్త్రీని విడిచి పోతున్న పురుషుడు, తనను ప్రేమించినందుకు ఆమెకు దక్కిన ఫలం ఇదేనని గర్వంగా పలుకుతాడు. రెండవదానిలో సొంత ఊరికి దూరంగా ఉన్న ఒకడు, ఆ ఊరి నుంచి వచ్చిన మిత్రుణ్ణి అక్కడి వాతావరణం గురించి, పరిచయస్థుల గురించి అడుగుతూ, ఆ మాటల మధ్య ఏమీ పట్టనట్టుగా, ఆమె తన పేరు ఎత్తిందా అని అడుగుతాడు.

‘ఫర్ లవిన్ మి’ పాట లైట్‌ఫుట్‌కు తొలి కీర్తి తెచ్చిన రచనలలో ఒకటి. అయినా అందులోని పురుషాహంకారానికి ఆయన తరువాత సిగ్గుపడ్డాడు. వివాహితుడిగా ఉన్న కాలంలో అటువంటి పాట రాసినందుకు బాధపడుతూ, వేదికపై దాన్ని పాడడం మానుకున్నాడు. ఈ నేపథ్యంలో చూస్తే పై రెండు జంటల కూర్పు యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. రెండింటిలోనూ మొదటి సగం ఒక యువకుని దర్పం, రెండవ సగం ఆ దర్పానికి అతడు చెల్లించిన మూల్యం. విడివిడిగా ఉన్నప్పుడు ఈ నాలుగూ నాలుగు మంచి పాటలు మాత్రమే. జంటగా నిలిపినప్పుడు అవి ఒక వ్యక్తి పరిణతికి సాక్ష్యాలు. పాటలను మళ్లీ రాయకుండా, కేవలం పక్కపక్కన ఉంచి తన యౌవనాన్ని తాను సరిదిద్దుకున్న ఈ పద్ధతి లైట్‌ఫుట్ నిగ్రహానికి తగినదే. ఒక ‘గ్రేటెస్ట్ హిట్స్’ సంపుటంలో ఇంతటి ఆత్మవిమర్శ మరెక్కడా వినబడదు.

అదే రికార్డును ముగించే ‘ఎర్లీ మార్నింగ్ రెయిన్’ ఆయన రచనలలో అత్యధికంగా ఇతరులు పాడిన వాటిలో ఒకటి. లాస్ ఏంజెలెస్‌లో చదువుకునే రోజుల్లో, ఇంటిపై బెంగ కలిగినప్పుడు విమానాశ్రయానికి వెళ్లి, వానలో ఎగిరిపోయే విమానాలను చూసిన జ్ఞాపకం నుంచి 1964లో ఈ పాట పుట్టింది. ఇందులోని కథానాయకుడు చేతిలో డబ్బు లేనివాడు, కొంత తాగినవాడు, సొంత ఊరికి చాలా దూరంగా ఉన్నవాడు. గడ్డిలో నిలబడి బోయింగ్ 707 విమానం మేఘాలపైకి లేచిపోవడాన్ని చూస్తాడు. ఈ పాట గొప్పతనం తెలియాలంటే అమెరికా జానపద గేయ సంప్రదాయంలో గూడ్సు రైలుకు ఉన్న స్థానం తెలియాలి. పని కోసం ఊరూరా తిరిగే నిరుపేదలు కదులుతున్న గూడ్సు బండి ఎక్కి టికెట్టు లేకుండా ప్రయాణించడం ఆ సంప్రదాయంలో వందలాది పాటలకు ఇతివృత్తం. రైలు అక్కడ పేదవాని స్వేచ్ఛకు ప్రతీక. లైట్‌ఫుట్ ఆ పాత ఇతివృత్తాన్ని జెట్ విమానాల యుగంలో నిలబెట్టి, రైలెక్కినట్టు విమానం ఎక్కడం సాధ్యం కాదన్న ఒక్క సామాన్య సత్యాన్ని చెప్పి ఊరుకున్నాడు. కొత్త యంత్రం వచ్చింది, దూరం తగ్గింది, కాని డబ్బు లేనివానికి ఇల్లు మునుపటికంటె దూరమైంది. ఆర్థిక శాస్త్ర గ్రంథం ఒక అధ్యాయంలో చెప్పవలసిన విషయం ఇక్కడ మూడు నిమిషాల పాటలో, ఫిర్యాదు స్వరం ఎక్కడా లేకుండా ఒదిగింది.

మొదటి రికార్డులోనే ఉన్న ‘కెనేడియన్ రైల్‌రోడ్ ట్రిలజీ’ చరిత్ర రేడియో శ్రోతలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. కెనడా సమాఖ్య ఏర్పడి నూరేళ్లు నిండిన సందర్భంగా అక్కడి జాతీయ ప్రసార సంస్థ సి.బి.సి. లైట్‌ఫుట్‌తో ఈ పాట రాయించి, 1967 జనవరి 1న ప్రసారం చేసింది. ప్రసార సంస్థ ఒక చారిత్రక ఘట్టానికి పాట రాయించుకోవడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. మద్రాసు ఆకాశవాణిలో పని చేసిన బాలాంత్రపు రజనీకాంతరావు రచించి స్వరపరచగా టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్ర దేశం’ 1947 ఆగస్టు 15న ప్రసారమై ఇప్పటికీ వినబడుతున్నది. అయితే ఇటువంటి సందర్భాలకు రాసే పాట సాధారణంగా ఉత్సవ గీతమవుతుంది. లైట్‌ఫుట్ రాసినది అది కాదు. ఆరు నిమిషాలు దాటే ఈ రచన వేగంగా మొదలై, నడుమ విలంబమై, మళ్లీ వేగమందుకునే మూడు భాగాలుగా సాగుతుంది. రైలు రాకముందు నిశ్శబ్దంగా ఉన్న అడవులతో ప్రారంభమై, పట్టాలు వేయాలన్న పెట్టుబడిదారుల ఉత్సాహాన్ని చెప్పి, ఆ తరువాత ఒక్కసారిగా నడక తగ్గి, పారతోనూ, సుత్తితోనూ కొండలు పగలగొట్టిన కూలీల గొంతు వినబడుతుంది. చివరకు కీర్తి ఎవరికి దక్కిందో, ప్రాణాలు ఎవరివి పోయాయో శ్రోతకు అర్థమయ్యేలా పాట ముగుస్తుంది. నూరేళ్ల పండుగ నాడు ఒక దేశానికి దాని మృతులను గుర్తు చేసిన ధైర్యం ఇందులో ఉంది.

ఈ పాటలో ఒక లోపం కూడా ఉన్నదని చెప్పక తప్పదు. 1885 నవంబరు 7న చివరి మేకు దిగిన కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గంలో, పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా కొండల్లో అత్యంత ప్రమాదకరమైన పనులు చేసినవారు చైనా నుంచి తెచ్చిన వేలాది కూలీలు. వారిలో వందల మంది మరణించారు. పాటలోని కూలీ ఏ జాతివాడో చెప్పని సామాన్య శ్రామికుడు. చైనీయుల ప్రస్తావన అందులో లేదు. 1967 నాటి కెనడా తన గురించి తాను చెప్పుకొన్న కథలోనే వారికి చోటు లేకపోయింది, రచయిత చూపు ఆ హద్దును దాటలేదు. సంపుటంలో ఈ పాట కొత్త రూపానికి వయొలిన్ల బృందం తోడై గాంభీర్యం పెరిగింది గాని, తక్కువ వాద్యాలతో పాడిన 1967 నాటి తొలి రూపంలోని పదును కొంత తగ్గింది. తిరిగి పాడిన ప్రతి పాటా మెరుగుపడలేదన్నది న్యాయమైన మాట. మరోవైపు ‘సాంగ్ ఫర్ ఎ వింటర్స్ నైట్’ కొత్త గొంతులో ఎంతో ఎత్తుకు చేరింది. మంచు కురిసే రాత్రి దీపం ముందు ఒంటరిగా కూర్చుని దూరమైన ప్రియురాలిని తలచుకొనే ఈ పాటను ఆయన క్లీవ్‌లండ్ నగరంలో, వేసవి కాలపు ఉరుముల వానలో రాశాడన్నది ఊహాశక్తికి సంబంధించిన ముచ్చట.

రెండవ రికార్డులోని పాటలు మరింత అంతర్ముఖమైనవి. వాటిలో శిఖరప్రాయమైనది 1970 నాటి ‘ఇఫ్ యు కుడ్ రీడ్ మై మైండ్’. ఆయన మొదటి వివాహం విచ్ఛిన్నమవుతున్న కాలంలో ఈ పాట పుట్టింది. దాంపత్యం ఎలా చెడిందో ఇందులో వృత్తాంతంగా చెప్పడు. దానికి బదులుగా పాత సినిమాలోని దయ్యాల కోట, చౌకబారు నవలలోని నాయకుడు వంటి అరువు తెచ్చుకున్న బొమ్మలను ఒకదాని తరువాత ఒకటి ప్రయోగించి చూస్తాడు. అవి ఏవీ చాలవు, చివరకు ఆ బొమ్మలన్నీ పక్కకు జరిగి, ఎక్కడ తప్పు జరిగిందో తనకు తెలియదన్న సాదా ఒప్పుకోలు మాత్రం మిగులుతుంది. ఈ పాటకు సంబంధించిన ఒక చిన్న సంగతి ఆయన స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. ఒక చరణంలో అనురాగం లోపించిన దోషాన్ని ఆయన స్త్రీపై మోపగా, ఆయన కుమార్తె పెద్దయ్యాక ఆ లోపం ఇద్దరిదీ కదా అని ప్రశ్నించింది. ఆ మాటలోని న్యాయాన్ని అంగీకరించి, అప్పటి నుంచి వేదికలపై ‘నీలో’ అన్న అర్థమిచ్చే చోట ‘మనలో’ అన్న అర్థం వచ్చేటట్లు పాడాడు. లక్షల మందికి కంఠస్థమైన పాటలో, ప్రసిద్ధి వచ్చిన తరువాత, న్యాయం కోసం ఒక మాటను మార్చుకోగల రచయితలు అరుదు.

1974లో అమెరికా పట్టికలో మొదటి స్థానం పొందిన ‘సన్‌డౌన్’ దీనికి పూర్తిగా భిన్నమైనది. అసూయ, అనుమానం, మద్యం కలగలిసిన ఒక సాయంకాలపు మనఃస్థితిని తొణకని లయపై నడుపుతుంది. ఆరిజోనాలో ప్రయాణిస్తూ దారి పక్క బోర్డుపై చూసిన ఒక రహదారి పేరు నుంచి ‘కేర్‌ఫ్రీ హైవే’ పుట్టింది. ‘సర్కిల్ ఆఫ్ స్టీల్’ క్రిస్మస్ వేళ నగరంలోని బీదల బతుకును చిత్రించిన పాట, దీనికి రావలసిన పేరు రాలేదు. మిగిలినవాటిలో ఒకటి రెండు సాధారణమైనవే.

‘గోర్డ్స్ గోల్డ్’లో లేని ఒక పాటను గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లైట్‌ఫుట్‌ను ఎరిగినవారిలో చాలామంది ఆ పాట ద్వారానే ఎరుగుదురు. సంపుటం వెలువడిన 1975లోనే, నవంబరు 10 రాత్రి, ఇనుప ఖనిజపు గుళికలతో సుపీరియర్ సరస్సులో ప్రయాణిస్తున్న ‘ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్’ అనే 729 అడుగుల సరకు ఓడ తుఫానులో మునిగిపోయి, అందులోని 29 మంది సిబ్బందీ మరణించారు. పత్రికలో వచ్చిన కథనం చదివి లైట్‌ఫుట్ రాసిన పాట 1976లో ‘సమ్మర్‌టైమ్ డ్రీమ్’ ఆల్బమ్‌లో వెలువడి, అమెరికా పట్టికలో రెండవ స్థానానికి చేరింది. పల్లవి లేకుండా, ఒకే వరుసలో చరణం వెంట చరణంగా ఆరు నిమిషాలకు పైగా సాగే కథాగేయం అంతటి ప్రజాదరణ పొందడం ఆ కాలపు వ్యాపార సంగీతంలో అపూర్వం. ఓడ గమ్యం వంటి కొన్ని వివరాలలో పాట వాస్తవాన్ని తప్పినా, మృతుల పట్ల చూపవలసిన మర్యాదను తప్పలేదు. సరకు గది మూత విఫలమైందన్న అర్థం వచ్చే ఒక పాదం వల్ల సిబ్బందిపై నింద పడుతున్నదని, ఆ నింద సరికాకపోవచ్చని సూచించే పరిశోధన వెలువడినప్పుడు, 2010లో ఆయన ఆ పాదాన్ని వేదికపై మార్చి పాడడం మొదలుపెట్టాడు. మృతుల కుటుంబాలతో ఆయన జీవితాంతం స్నేహం నిలుపుకున్నాడు. 2023 మే 1న టొరంటోలో 84 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూయగా, ఓడ మునిగిన మరునాడు 29 సార్లు గంట మోగించిన డెట్రాయిట్ నావికుల చర్చి, ఆయన మరణించిన మరునాడు 30 సార్లు గంట మోగించింది.

ఇంతటి రచయితకు తగిన అంచనా దక్కకపోవడానికి కారణాలు ఒకటి కంటె ఎక్కువ. ఆయన పాటలను ఇతరులు పాడి ప్రసిద్ధి చేయడం మొదటి కారణమని ముందే వివరించడమైంది. రెండవది, 1970వ దశకంలో రాక్ సంగీత విమర్శ తిరుగుబాటునూ, నవ్యతనూ, కళాకారుని వ్యక్తిగత విచిత్రతనూ విలువలుగా స్వీకరించింది. లైట్‌ఫుట్ వేషం మార్చలేదు, శైలి మార్చలేదు, ప్రకటనలు చేయలేదు. టొరంటోలోని మాసీ హాల్‌లో పదేపదే కచేరీలు చేస్తూ, ఆ ఒక్క వేదికపైనే 160 సార్లకు పైగా పాడాడు. నిలకడను ఆ విమర్శ జడత్వంగా పొరబడింది. మూడవది, ఆయన పాట వినడానికి మరీ సుఖంగా ఉంటుంది. ఆ సుఖం వెనుక ఉన్న శ్రమ కనబడదు. డెట్రాయిట్ నగరంలో 1967లో చెలరేగిన అల్లర్లపై ఆయన రాసిన ‘బ్లాక్ డే ఇన్ జూలై’ పాటను అమెరికాలోని అనేక రేడియో కేంద్రాలు ప్రసారం చేయడానికి నిరాకరించాయన్న సంగతి, ఆయనను కేవలం మృదుగాయకుడని భావించేవారికి తెలియదు. ఆ పాట ‘గోర్డ్స్ గోల్డ్’లో లేకపోవడం ఆ సంపుటంలోని పెద్ద లోటు, అది ఉంటే ఆయన గురించిన అభిప్రాయం కొంతైనా మారి ఉండేది.

గ్రామీ పురస్కారానికి పలుమార్లు ఆయన పేరు పరిశీలనకు వచ్చినా అది ఆయనకు రాలేదు. అయితే తోటి రచయితలు ఆయనను ఎన్నడూ తక్కువగా అంచనా వేయలేదు. 1986లో కెనడా సంగీత ప్రముఖుల వరుసలో ఆయనను చేర్చిన సభకు ఆ గౌరవాన్ని అందించడానికి స్వయంగా వచ్చినవాడు బాబ్ డిలన్. 2002లో ఉదరంలోని ప్రధాన ధమని చిట్లి, వారాల తరబడి స్పృహ లేకుండా ఉండి, కోలుకున్న తరువాత కూడా ఆయన పాడాడు. గొంతు సన్నబడింది, బలం తగ్గింది, అయినా ఉచ్చారణలోని స్పష్టత తగ్గలేదు. 1988లో వెలువడిన ‘గోర్డ్స్ గోల్డ్’ రెండవ భాగం కోసం కూడా ఆయన దాదాపు అన్ని పాటలనూ తిరిగి పాడాడు. అందులో మొదటి భాగపు నిండుదనం లేదు, దాన్ని తరువాత వింటే చాలు.

లైట్‌ఫుట్‌ను కొత్తగా పరిచయం చేసుకోదలచిన శ్రోతలు ముందుగా ‘గోర్డ్స్ గోల్డ్’ మొదటి రికార్డును, పాటల క్రమం మార్చకుండా, ఆ రెండు జంటపాటల దగ్గర ప్రత్యేకమైన శ్రద్ధతో వినవలసింది. ఆపై 1966 నాటి ‘ఎర్లీ మార్నింగ్ రెయిన్’నూ, 1975 నాటి దాన్నీ ఒకదాని వెంట ఒకటి వినాలి, పాట మారకుండానే పాడేవాడు ఎంత ఎదిగాడో ఆ రెండింటి మధ్య స్పష్టంగా తెలుస్తుంది. ఈ సంపుటం ఇప్పటికీ దొరుకుతున్నది. ఎల్విస్ పాడిన, జానీ క్యాష్ పాడిన లైట్‌ఫుట్ పాటలను ఇష్టపడినవారు, ఇకనైనా వాటిని రాసినవాని గొంతులో వినవలసిందని విజ్ఞప్తి.